ఆవకాయ సీసాల కింద స్టెప్నీ

నా చిన్నప్పుడు, పెర్త్ శివార్లలో మా కానింగ్ వేల్‌లో ఆడవాళ్ళు కారు నడిపితే ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఆఫీసుకి నడపొచ్చు, పిల్లల్ని బడి దగ్గర దింపొచ్చు, పెర్త్ ఆ చివరిదాకా పోయి కందిపప్పు తెచ్చుకోవచ్చు. అదే కారులో ఎడారి దాటి మెల్‌బోర్న్ పోతానంటే మాత్రం పరువు పోతుంది. ఎవరి పరువో, పోతే ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

పోతానన్నది మా పిన్ని, అమ్మకి ఆఖరి చెల్లెలు. తెనాలి నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో, క్లేటన్ దగ్గర చదువుకునేది. ఆ ఏడాది సెలవులకి మా ఇంటికొచ్చి, ఖాళీగా కూర్చోలేక పళ్ళతోటల్లో పనికి కుదిరింది. ఆ జీతంతో ఒక పాత స్టేషన్ వ్యాగన్ కొనుక్కుని, తిరుగు ప్రయాణం దాంట్లోనే అంది. తోడుగా నన్ను పంపమంది. నాకప్పుడు పదేళ్ళు. బడి తెరిచేలోగా విమానమెక్కించి పంపేస్తానని అమ్మకి మాటిచ్చింది.

ఇంక చూడాలి. ఆదివారం భోజనానికొచ్చిన అంకుల్స్ తలా ఒక మాట వేశారు. నీళ్ళు దొరకవన్నారు, కంగారూలు అడ్డం పడతాయన్నారు, కారాగితే పలకరించే దిక్కుండదన్నారు. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ చెప్పినవాళ్ళలో ఒక్కరూ ఆ దారి మొహం చూసినవాళ్ళు కారు. నాన్నతో పాటు పనిచేసే ఒక అంకుల్ అయితే అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఫ్లైట్‌లో పోతే ఫోర్ అవర్స్ కదమ్మా, మనకెందుకీ అడ్వెంచర్లు?" అన్నాడు. పిన్ని ఆయన కంచంలో ఇంకో గరిటె పులుసు పోసి, "ఫ్లైట్‌లో పోతే మధ్యలో ఏముందో కనపడదు కదా అంకుల్" అంది.

తెనాలి నుంచి మా తాతయ్య ఫోన్లో ఒకటే మాట చెప్పాడు. దారిలో ఏ చిన్న తేడా వచ్చినా చదువు చాలు, టికెట్ పంపిస్తాను, తిరిగొచ్చెయ్ అని. అంటే పిన్ని చదువు, తిరుగుడు, తన బతుకు తాను బతకడం, అన్నీ ఆ పాత కారు చక్రాల మీదే ఉన్నాయి. నాన్న చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. దారి పక్కన పెట్రోలూ తిండీ దొరికే, ఫోనున్న ప్రతి రోడ్‌హౌస్ నుంచీ ఇంటికి ఫోన్ చెయ్యాలి. అప్పటికింకా ఫోన్లు జేబుల్లోకి రాలేదు. మా అమ్మ మాత్రం ఔననలేదు, కాదనలేదు. రాత్రింబవళ్ళు వంటింట్లోనే ఉండి సర్దింది.

ఆ సర్దుడు తెలుగువాళ్ళకి తప్ప ఎవరికీ చేతకాదు. బియ్యం సంచి, రైస్ కుక్కరు, ఇడ్లీ ప్లేట్లు, ఆవకాయ సీసాలు, గోంగూర సీసా, డబ్బాల నిండా జంతికలు, క్లేటన్‌లో పిన్నితో ఉండే అమ్మాయిలకి వేరే మూటలు. కాలు పెట్టే చోటు కూడా వదల్లేదు. ఎడారి దాటుతున్నామో కొత్త కాపురం పెడుతున్నామో తెలియకుండా బయల్దేరాం.

నలర్‌బోర్ ఎడారి గురించి చాలామంది ఏమీ ఉండదని చెబుతారు. నాకు అన్నీ ఉన్నట్టే అనిపించింది. చెట్టు లేదు, మలుపు లేదు, రోడ్డు దారం లాగినట్టు తిన్నగా పోతుంది. పిన్ని కిటికీ దించి పాడుతూ నడిపేది. గొంతు బాగుండదు, అయినా పాడేది. పొద్దు వాలకముందే ఎక్కడో ఒకచోట ఆగిపోయేవాళ్ళం. మూడోరోజు మధ్యాహ్నం, పడమటి రాష్ట్రం సరిహద్దు దాటాక, టైరు పేలింది.

స్టెప్నీ ఎక్కడుందయ్యా అంటే వెనకాల, అడుగున, మా అమ్మ ప్రేమంతటి కిందా ఉంది. ఒక్కొక్కటే దించి రోడ్డు పక్కన పెట్టాం. ఆ ఎర్రమట్టిలో ఇడ్లీ ప్లేట్లూ పచ్చడి సీసాలూ వరసగా పెడితే కిరాణా కొట్టు తెరిచినట్టుంది. రెండు ట్రెయిలర్లు లాగే పెద్ద లారీ ఒకటి దాటిపోయి కూడా ఆగింది. డ్రైవరు దిగొచ్చి సీసాల వంక, మా వంక చూసి, మగవాళ్ళెవరూ లేరా అని ఇంగ్లీషులో అడిగాడు. పిన్ని ఆఫీసుకెళ్ళారంది. తను మార్చనా అన్నాడు. థాంక్స్ చెప్పింది గానీ పానా వదల్లేదు. ముందు బండి జాకీ మీదికి ఎత్తి, ఆ తర్వాత నట్లు తిప్పబోతే చక్రమే తిరిగింది. మళ్ళీ దించి, పానా మీదెక్కి నిలబడి గెంతింది. నేను నట్లు నా గౌను ఒళ్ళో పట్టుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా చూసి, గట్టిగా హారన్ కొట్టి పోయాడు.

రోడ్‌హౌస్‌లో టైరు బాగుచెయ్యడానికిచ్చి, నాణేలు వేసే ఫోను దగ్గరికెళ్ళాం. పంక్చరు సంగతి చెప్పొద్దని పిన్నిని బతిమాలాను. "దాచడమెందుకే, మార్చింది మనమేగా" అంది. చెప్పేసింది. నాన్న అరుపు నాక్కూడా వినపడింది.

"అక్కడే ఉండండి. కారక్కడే వదిలెయ్యండి. నేను బస్సెక్కి వస్తున్నా. మామగారికి ఇప్పుడే ఫోన్ చేస్తా."

"బావా, సగం దారిలో ఉన్నాం. ఇక్కణ్ణించి ఇంటికెంతో క్లేటన్‌కీ అంతే. వెనక్కొస్తే సేఫూ, ముందుకెళ్తే డేంజరూ ఎట్టా అవుద్ది?"

నాన్న నన్ను పిలవమన్నాడు. నేను ఏడుస్తానని, ఆ ఏడుపుతో కథ ముగుస్తుందని ఆయన ధీమా. పిన్ని ఫోను నా చేతికిచ్చి, "నువ్వేమంటే అదే. నా కోసం చెప్పకు" అంది. ఏం చెప్పాలో నేర్పలేదు. నా మొహం కూడా చూడకుండా పెట్రోలు పోయించడానికి బయటికి వెళ్ళిపోయింది. తన బతుకంతా ఒక పదేళ్ళ పిల్ల నోట్లో పెట్టి అలా ఎలా వెళ్ళగలిగిందో, నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

"భయమేస్తోందా తల్లీ? నిజం చెప్పు" అన్నాడు నాన్న. వెనకాల ఆ ఉలిపికట్టె అంకుల్ గొంతు, వచ్చెయ్యమనండి సార్, వచ్చెయ్యమనండి అంటోంది. భయం వేసిన మాట నిజమే. కానీ ఆ గొంతు వినగానే భయాన్ని మించి కోపం వచ్చింది. ఎండలో నట్లు పట్టుకుంది నేను. సీసాలు మోసింది నేను. సోఫాలో కూర్చున్నాయనకి ఏం తెలుసు?

"భయమేస్తోంది నాన్నా. అయినా మేం ముందుకే పోతాం" అన్నాను. మా నాన్న మాటకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

ఫోన్ కట్టయిపోతుందేమోనని ఇంకో నాణెం వేశాను. అప్పుడు నాన్న "నీళ్ళున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "సరే, పెందలాడే ఆగండి" అని పెట్టేశాడు. తాతయ్యకి ఆయన ఫోన్ చెయ్యనేలేదు.

పిన్ని చదువు పూర్తిచేసింది. ఆ తర్వాత న్యూజిలాండ్ అంది, టిమోర్ అంది, చిలీ అంది. ఇప్పటికీ ఒకచోట కాలు నిలవదు. పెళ్ళి చేసుకుందా అని అడుగుతారు కొందరు. వాళ్ళకి నేను జవాబు చెప్పను.

ఇప్పుడు నేను కాపురముండే టూంగాబీలో నేనే ఆంటీని. మొన్న ఒక జంట వాళ్ళమ్మాయిని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. అది ఒక్కతే ఉత్తరం కొసన ఉన్న డార్విన్ దాకా కారేసుకుని పోతుందట. మీరైనా చెప్పండి ఆంటీ, మీ మాట వింటుంది అన్నారు. ఆ పిల్ల, "ఐయామ్ గోయింగ్ ఎనీవే" అంది గానీ, చేతులు ఒళ్ళో బిగించుకునే ఉంది. భయమేస్తోందని నాకు తెలిసింది. వద్దని చెప్పడానికి నోరు రాలేదు, రాదు కూడా. దాని పక్కన కూర్చుని, నీళ్ళు ఎన్ని పెట్టుకుంటున్నావే అని అడిగాను. పిల్ల మొహం ఒక్కసారిగా తేటపడింది. వాళ్ళమ్మానాన్నలకి నా మీద చాలా కోపం వచ్చింది. రానీ.