అక్క చెక్కిన చెప్పుల అచ్చులు

మొన్న మా మనుమరాలు కొత్త సంవత్సరం కార్డుల డబ్బా ఒకటి తెప్పించి, ఇవన్నీ చేత్తో అచ్చేసినవి అమ్మమ్మా అని మురిసిపోతూ నా ఒళ్ళో పెడితే, కళ్ళద్దాలు తగిలించుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాను. పన్నెండు కార్డుల మీదా ఒకటే పువ్వు, పన్నెండింటిలోనూ ఎడమ రేకు దగ్గరే రంగు చెదిరి ఉంది. ఛీ, చేతి తప్పు కూడా మిషనుతోనే గుద్దించారు! చీదరపుట్టి డబ్బా పక్కకు నెట్టేశాను. పిల్ల మొహం చిన్నబోయింది గానీ, చేత్తో అచ్చేయడమంటే ఏందో దగ్గర కూర్చుని చూసినదాన్ని, నేనేం చేసేది.

మేము ఊరు విడిచి మహారాష్ట్రలోని భివండీకి వచ్చి గైబీ నగర్‌లో ఉన్నప్పుడు నాకు ఎనిమిదేండ్లు, అక్కకు పదమూడు. నాయన సాంచాలు, అదే కరెంటు మగ్గాలు, నడిపేవాడు, ఏడో తరగతి చదువుతున్న అక్కను బడి మాన్పించి అదే కార్ఖానాలో కండెలకు నూలు చుట్టే పనిలో కూర్చోబెట్టాడు. అక్క పొద్దంతా చుట్టి వచ్చి, అరిగిపోయిన హవాయి చెప్పుల అడుగులను బ్లేడుతో చెక్కి అచ్చులు చేసేది. తంగేడు పువ్వు, పాలపిట్ట, జొన్న కంకి, అన్నీ మా ఊళ్ళో చూసినవే. బట్ట తాన్ల మీద కార్ఖానా ముద్ర, అదే ఛాపా, కొట్టే నల్ల సిరా ఇంత అడిగి తెచ్చుకుని, తాన్ల మడతల్లో పెట్టే అట్టలను కార్డుల్లాగా కత్తిరించి, ఊపిరి బిగబట్టి ఒత్తేది. ఆ సిరా కంపు ఇల్లంతా ఉండేది, అన్నం కూడా అదే వాసన కొడుతోందని అవ్వ తిట్టని రోజు లేదు.

ఆ కార్డులు చూసి, బడిలో బొమ్మలు నేర్పే సారు ఒక మాటిచ్చాడు. ఇట్లాంటివి ఇరవై చేసి పెడితే కొత్త సంవత్సరం నాడు తానే మా ఇంటికొచ్చి, అవి నాయన ముందర పరిచి, ఈ పిల్లను మళ్ళీ బడికి పంపమని ఒప్పిస్తానన్నాడు. అక్క నెల రోజులు కష్టపడి ఇరవై చేసింది, అచ్చులతో సహా బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి అటక మీద దాచింది. ఆ చోటు నాకొక్కదానికే తెలుసు.

తెల్లారితే సారు వస్తాడనగా, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చిన్నాయన వచ్చాడు. ఆయనకు సొంత కార్ఖానా, ఏటా బట్ట వ్యాపారులకు గ్రీటింగులు పంచే షోకు. అక్క కార్డుల సంగతి ఎవరి నోటో విన్నాడట, ఆ డబ్బా చూపిస్తే స్కూటరు ముందర నిలబెట్టి వరాలా తలావ్ చెరువు దాకా తిప్పుతానన్నాడు. నేను ఎగిరి గంతేసి దింపి ఇచ్చాను. ఆ పెద్దమనిషి మా గడపలోనే కూర్చుని ఇరవై కార్డుల వెనకా తన పేరు రాసుకున్నాడు, ఇంకా సిరా అంటుతున్న అచ్చులు కూడా నా చేతే ఏరించి సంచిలో వేసుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. సాయంత్రం అక్క అటకంతా వెతికి నన్నడిగితే, నాకు తెల్వదన్నాను.

మరునాడు సారు వచ్చాడు. అక్క ఉత్త చేతులతో నిలబడింది. చిన్నాయన అక్కడే కూర్చుని సాసర్లో చాయ్ ఊదుకుంటూ తాగుతున్నాడు. కండెలు చుట్టేటోళ్ళకు బొమ్మలెందుకు సారూ అని నాయన నవ్వాడు, సారు తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చిన్నాయన తాన్ల మీద పాలపిట్ట ఛాపా ఏండ్ల తరబడి నడిచింది. అక్క మళ్ళీ బడి మొహం చూడలేదు, బ్లేడు కూడా ముట్టలేదు.

నా ఈడు వాళ్ళు కలిస్తే చాలు, ఆ రోజులే వేరు, ఆ మనుషులే వేరు అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు మా మనుమరాలి బొమ్మల పుస్తకం ఎవరన్నా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తుంది, వేయనీ. అప్పుడు అక్కకు అట్ల అరిచే దిక్కు లేకపోయింది. చిన్నాయనను తలచుకుంటే రోత, స్కూటరెక్కి నవ్వుకుంటూ పోయిన నన్ను తలచుకుంటే అంతకన్నా రోత.

నిరుడు అక్క దగ్గర కూర్చుని, ఆ డబ్బా ఇచ్చింది నేనేనని ఏడ్చుకుంటూ చెప్పేశాను. నూలు చుట్టీ చుట్టీ వంకరపోయిన వేళ్ళతో అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఆనాడే ఎరుకనే పిచ్చిదానా. రాత్రి నీకు బువ్వ పెడుతుంటే, నీ అరచేతిల నా తంగేడు పువ్వు అచ్చు పడి ఉండె."