స్కాన్ నార్మల్ అన్నాక మా ఇంట్లో జరిగింది

ఆ రోజు మ్యాచ్ అయ్యాక కారులో మతేయ్ నాతో స్లొవీన్‌లో మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు ఆ భాష రాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. వేళాకోళం అనుకుని నవ్వాను. వాన్ అనే ఊళ్ళో ఉన్న మా అపార్ట్‌మెంట్ చేరేదాకా అలాగే మాట్లాడాడు. ఇంగ్లీషులో చెప్పమంటే, చెబుతున్నది అదేగా అన్నట్టు నా వైపు చూశాడు. అదే కారులో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను.

నా భర్త మతేయ్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ డిఫెండర్. స్లొవేనియాలో ఒక చిన్న ఊరివాడు. మీసాలు సరిగా రాకముందే ఆస్ట్రియా వెళ్ళాడు. తర్వాత పోలండ్, సైప్రస్, చివరికి కెనడా. నాది వరంగల్, ఇక్కడే మార్కమ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తుగా వచ్చే బంతిని తలతో కొట్టి, అంటే హెడింగ్ చేసి, గోల్ దాకా రానివ్వకపోవడం అతని పని. ఆ రోజు అలా ఎగిరినప్పుడు ఎదుటి ఆటగాడి మోచెయ్యి కణతకు తగిలింది. లేచి ఆట పూర్తిచేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. కన్‌కషన్ అని, అంటే దెబ్బకు మెదడు అదిరిందని, విశ్రాంతి కావాలని చెప్పి పంపేశారు. తర్వాతి వారమే క్లబ్ డాక్టర్ పిలిచాడు. తలనొప్పి ఉందా అని అడిగితే మతేయ్ లేదన్నాడు. ఇంట్లో కర్టెన్లు తీయనివ్వడం లేదనీ, పొద్దున్నే వాంతులవుతున్నాయనీ నేను చెప్పాను. ఆయన నా వైపు తిరగనైనా తిరగలేదు.

"నువ్వు చెప్పు మతేయ్, ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

బయటికొచ్చాక ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

"కాంట్రాక్ట్ ఈ సీజన్‌తో అయిపోతుంది శిరీ. బెంచి మీద కూర్చున్న డిఫెండర్ ఎవరికీ గుర్తుండడు" అన్నాడు.

అతన్ని ఆడించారు. ఈసారి తగిలింది సొంత గోల్‌కీపర్ భుజం, అదీ మెల్లగా. పడవలో నిలబడబోయినవాడిలా లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. ఎంఆర్ఐ కూడా నార్మలే. ఆ మాట చెబితే మా ఫ్యామిలీ డాక్టర్ పద్మగారు తల అడ్డంగా ఊపారు. "స్కాన్ నార్మల్ అంటే మనిషి నార్మల్ అని కాదమ్మా. ముందే వస్తే బాగుండేది."

ఆ తర్వాత మా ఇల్లు చీకటి గదయింది. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకునేవాడు. అన్నం గిన్నెలో వండి వార్చేదాన్ని. ఫోన్ చూడలేడు కాబట్టి మెసేజ్‌లు నేనే చదివి చెప్పేదాన్ని. అతని స్థానంలో కొత్త డిఫెండర్ వచ్చాడనీ, మతేయ్ సేవలకు ధన్యవాదాలనీ క్లబ్ పెట్టిన పోస్టు కూడా నేనే చదివి వినిపించాను. ముందుగా ఒక్క ఫోన్ కాల్ లేదు. మతేయ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తల తిరగకుండా నిలదొక్కుకోవడం నేర్పే వెస్టిబ్యులర్ థెరపీలో అతను కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం మళ్ళీ నేర్చుకున్నాడు. కొంచెం తేరుకున్నాడని సంబరపడి సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్తే, ఆ లైట్లకు మళ్ళీ మంచం పట్టాడు. చివరికి న్యూరాలజిస్ట్ దగ్గర ఒక్కటే అడిగాడు.

"హెడింగ్ లేకుండా ఆడొచ్చా?"

"ఫుట్‌బాల్ లేకుండా బతకొచ్చు" అన్నారావిడ.

ఇప్పుడు పొద్దుటి పూట ఒక మొక్కల నర్సరీలో పని చేస్తున్నాడు. మధ్యాహ్నానికి అలసిపోతాడు. ఇంట్లో మ్యాచ్‌లు పెట్టం. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో మైకుల హోరు తట్టుకోలేడు, నేనొక్కదాన్నే వెళ్తాను. ఇంటికొచ్చిన ఒక అంకుల్ అతన్ని ఎగాదిగా చూసి, "చూస్తే దిట్టంగానే ఉన్నాడేమ్మా, ఆట ఎందుకు మానేశాడు?" అన్నారు. కాలు విరిగినా నయమని ఆ రోజు నాకనిపించింది. కట్టైనా కనబడేది.

మీ ఇంట్లో ఆడేవాళ్ళకు తలకు దెబ్బ తగిలితే, మళ్ళీ ఆడొచ్చా అని జట్టు డాక్టర్ని అడిగి ఊరుకోకండి. ఆ జట్టు గెలిచినా ఓడినా ఏమీ పట్టని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మీరూ లోపలికి వెళ్ళి, మీరు కళ్ళారా చూసినవన్నీ ఆ డాక్టర్ రాసుకునేదాకా కుర్చీలోంచి లేవకండి.