ఒళ్లో కాలని ప్రాసెసర్

గంగాధరప్ప తీసిన కరువు ఫోటోలు పత్రికల్లో ఎన్నో వచ్చాయి. ఆయన పేరు మాత్రం ఒక్కసారీ రాలేదు. కారులో వచ్చి గంటసేపు తిరిగిపోయినవాళ్ల పేర్లే కింద ఉండేవి. మా కూలీల సంఘం తరఫున పోట్లాడదామని నేను ఎగిరితే, "పోనీలే వనజాక్షీ, బొమ్మలో ఉండేవాళ్లకు తెలుసు కదమ్మా" అనేవాడు. అన్యాయాన్ని అంత సులువుగా మింగే మనిషి, లాప్‌టాప్ ప్రాసెసర్ దగ్గర మాత్రం చిటికెడు కూడా రాజీపడేవాడు కాదు. 2005లో కొందామనుకున్నది 2007 దాకా కొనలేదంటే చూడండి.

పల్లెలు తిరుగుతూ, తీసిన ఫోటోలను అక్కడికక్కడే దిద్దడానికి ఏ ప్రాసెసర్ మేలు? ఇదీ ఆయన ప్రశ్న. బస్సులో కండక్టర్‌ను అడిగేవాడు. మా ధర్నాకు కాపలా వచ్చిన పోలీసును అడిగాడు. బత్తలపల్లెలో ఒక చావుకు పోయి, శవానికి దండ వేసి, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే అల్లుడి పక్కన చేరి, "ప్రాసెసర్‌కు ఒక కోరు చాలునా, రెండు కోర్లు కావల్నా?" అన్నాడు. అల్లుడు ఏడుపు ఆపి ఆలోచనలో పడ్డాడు.

అనంతపురంలో కంప్యూటర్ షాపు రాఘవేంద్రకు ఆయన్ను చూస్తేనే దడ. 2007 ఎండాకాలంలో ఖర్మ కాలి నేనూ మొదటిసారి వెంట వెళ్లాను. గంగాధరప్ప ఒక లాప్‌టాప్ తెరిపించి, పెన్‌డ్రైవ్ గుచ్చి, నల్ల బర్రె ఫోటో ఎక్కించాడు. ఛార్జర్ తీగ పీకేశాడు. షాపులో తిరిగే ఫ్యాన్ కూడా ఆపేశాడు.

"ఫ్యాన్ ఏం చేసిందప్పా నిన్ను?" అన్నాడు రాఘవేంద్ర చెమట తుడుచుకుంటూ.

"పల్లెలో ఫ్యానుంటాదా? సంతలో ఎద్దును కాడికి కట్టి, ఒక సాలు దున్నించి కదా కొంటాం. దీన్నీ దున్నిస్తాండా."

బర్రె నలుపులో వెంట్రుకలు కనిపించేదాకా వెలుతురు పెంచుతూ అరగంట దున్నించాడు. తర్వాత లాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టి, బిడ్డకు జ్వరం చూసినట్టు కళ్లు మూసుకున్నాడు.

"బాగా ఉరుకుతాది. కాకపోతే కాలుతాంది. ఒళ్లో పెట్టుకుంటే కాలగూడదు. నెమ్మదిదైనా పర్వాలేదు, తక్కువ కరెంటు తినేది చూపీ."

"ఉండాది. లో వోల్టేజీ ప్రాసెసర్ అంటారు."

"అదే!"

"ఏమప్పా, లో వోల్టేజీ పోవాలని ఊరూరూ ధర్నా చేస్తాంటే, నువ్వు దుడ్లిచ్చి కొంటావా?"

నాకు విసుగొచ్చింది. "అన్నా, నీ ఒళ్లేమన్నా వెన్నముద్దనా? ఏదో ఒకటి కొని బల్ల మీద పెట్టుకో."

"బల్ల యాడుంటాదమ్మా?" అని చెయ్యి దులుపుకొని బయటికి నడిచాడు. ఆ ఎండాకాలంలో అలా పదకొండు లాప్‌టాప్‌లకు జ్వరం చూశాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి అప్పటికే అరిగిన చెప్పులు నావి. వాటితోనే ప్రాసెసర్ల వెంట కూడా తిరిగాను. చివరికి పన్నెండోది చల్లగా ఉందన్నాడు.

అది కొన్న వారానికే మా సంఘంలోని కదిరమ్మ పని పడింది. ఆమె వృద్ధాప్య పింఛను అర్జీ రెండుసార్లు వెనక్కొచ్చింది. మొదటి ఫోటోలో ముఖమంతా చీకటి. రెండోసారి పట్నం స్టూడియోవాళ్లు, పెళ్లికూతుళ్లకు చేసే అలవాటున, ముఖాన్ని తెల్లగా చేసిచ్చారు. "ఫోటోలో ఉన్నామె ఎరుపు, నువ్వు నలుపు. ఇది నువ్వు కాదు" అని గుమాస్తా తిప్పి పంపాడు. బతుకంతా ఎండలో కలుపు తీసినందుకు దొరికిన జవాబు అది! ఆ సాయంత్రం ఐదుకు అర్జీల గడువు. తప్పితే ఇంకో ఏడాది ఆగాలి.

ఆమె పల్లెలో పొద్దున్నుంచీ కరెంటు లేదు. గంగాధరప్ప ఆమెను గడపలో కూర్చోబెట్టి ఫోటో తీశాడు. లాప్‌టాప్‌లో ఎక్కించి, దాన్ని తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాడు. రెండేళ్లుగా నేను ఎగతాళి చేసిన ఒడి ఆయనది కాదని నాకు అప్పుడు తెలిసింది.

"కాలుతాందా అవ్వా?"

"లేదప్పా. పిల్లి పండుకున్నట్టుండాది."

ఆయన పక్కనే చతికిలబడి మీటలు నొక్కుతూ అడిగాడు. "ఇంత వెలుగు చాలునా?"

"ఇది మా చెల్లెలి మాదిరుండాది."

"ఇప్పుడో?"

"ఆ, ఇది నేనే! నా రంగే." కదిరమ్మ తెర మీదికి వంగి, గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏయ్, ఆ ముడతలు చెరిపేవు! అవి లేకుంటే నాకు అరవై ఐదేండ్లు లేవంటారు."

"ముట్టుకోనులే అవ్వా."

ఐదుకు పది నిమిషాల ముందు, దారిలో వేయించిన ప్రింటు అంటించిన అర్జీతో ముగ్గురం ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాం. గుమాస్తా ఫోటోను చూశాడు, కదిరమ్మను చూశాడు, మళ్లీ ఫోటోను చూశాడు.

"ఏం నాయనా, నేనేనా?" అంది కదిరమ్మ.

ముద్ర పడింది.

ఇది చదివేవాళ్లలో కెమెరా, కంప్యూటర్ ఉన్నవాళ్లుంటారు. ఫోటో సరిగా లేదని తిరిగొచ్చిన ముసలివాళ్లు మీ మండలంలోనూ ఉంటారు. ఒక్క పూట వెళ్లండి. ఫోటో తీసి, వాళ్ల ఒళ్లో పెట్టి, "ఇది నువ్వేనా?" అని అడగండి. ఔనన్నాకే ప్రింటు వేయండి. ముడతల జోలికి మాత్రం వాళ్లను అడక్కుండా పోకండి.