మౌనిక ఏడవని ఏడుపు

మౌనికకు కళ్లద్దాలు ఎప్పుడొచ్చాయో ఆమెకే గుర్తులేదు. బడి ఫోటోల్లో చూస్తే రెండో తరగతిలో లేవు, మూడో తరగతిలో ఉన్నాయి. అక్కడినుంచి అవి ఏటేటా లావవుతూనే వచ్చాయి. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో మ్యాచింగ్ సెంటర్ పెట్టేనాటికి, ఆ అద్దాల వెనక ఆమె కళ్లు బావి అడుగున పడ్డ రెండు గింజల్లా కనబడేవి.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. చీర కౌంటరు మీద పెట్టగానే దానికి తగిన జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్ తీసి పక్కన పరిచేది. చిలకపచ్చకూ రామాగ్రీనుకూ మధ్య ఎన్ని పచ్చలున్నాయో అన్నీ ఆమెకు తెలుసు. అదంతా అద్దాలు ముక్కు మీద ఉన్నంతసేపే. అద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది చీరో, చీర కట్టుకున్న మనిషో చెప్పలేదు.

కాంటాక్ట్ లెన్సుల ముచ్చట కూడా ఒకటుంది. చిన్నాయన బిడ్డ సాయిశ్రీ పెళ్లికి మౌనిక అద్దాలు ఇంట్లో పెట్టి, లెన్సులు పెట్టుకుని వెళ్లింది. తలంబ్రాల పళ్లెం పట్టుకుని ఉండగా ఒకటి జారిపోయింది. పళ్లెంలోనే పడిందని ఆమె గోల. పెళ్లికూతురుతో సహా అందరూ తలంబ్రాలు వేళ్లతో కెలకడం మొదలుపెట్టారు. పంతులు మంత్రం ఆపి, "దొరికిందా తల్లీ, ముహూర్తం దాటిపోతుంది" అన్నాడు. చివరికి అది ఆమె చెంపకే అంటుకుని ఉంది. ఆ తర్వాత లెన్సుల డబ్బీ ఫ్రిజ్ మీదికెక్కి, అక్కడే ఎండిపోయింది.

ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయేవి. అసలు చిక్కు చావు ఇళ్లలో వచ్చేది.

మౌనిక పుట్టిల్లు రావిర్యాల. ఆ ఊళ్లో చావు ఇంటికి పోతే ఏదో ఒక మూలన కూర్చుని కళ్లు ఒత్తుకుని వస్తామంటే కుదరదు. వాకిట్లోకి రాగానే ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు పడాలి. పోయిన మనిషి చేసిన మేళ్లన్నీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడవాలి. మెడ మీద మెడ పెడితే అద్దాలు అవతలి మనిషి చెవికి గుచ్చుకుంటాయి. అందుకని తీయాలి. తీస్తే ఎవరి మెడో తెలియదు.

దీనికి నర్సమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. నర్సమ్మ అంటే మౌనిక మేనత్త. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తమ్ముడు, అంటే మౌనిక తండ్రి కాశయ్య దగ్గరే ఉండిపోయింది. తల్లి లేని మౌనికను ఆమే పెంచింది. ఊళ్లో నర్సమ్మ శోకానికి పేరుంది. ఎవరింట్లో చావైనా ఆమె గొంతు లేవనిదే మిగతా ఆడవాళ్లకు ఏడుపు దారిలో పడదు. అలాంటి మనిషి తన ఏడుపు తాను ఏడుస్తూనే, మౌనిక అద్దాలు తీసి తన నడుముకు చెక్కుకుని, చెయ్యిపట్టి నడిపిస్తూ చెవిలో పేర్లు అందించేది.

"గీమె బాలేష్ పెండ్లాం. ఏడువు."

మౌనిక ఏడ్చేది.

"అయింది. ఇప్పుడు మీ పెద్దమ్మ. జర గట్టిగ ఏడువు, ఆమెకు చెవులు వినరావు."

మౌనిక అత్తగారు పోయినప్పుడు నర్సమ్మ జ్వరంతో రాలేకపోయింది. మౌనిక అద్దాలు తీసి, తెల్లగా కనబడ్డ ఒక ఆకారం మెడ మీద పడి భోరుమంది. ఆ ఆకారం కొయ్యలా బిగుసుకుపోయింది. కాసేపటికి, "మౌనికా... నేను... శ్రీపాల్‌ను" అంది. శ్రీపాల్ ఆమె భర్త తిరుమల్‌కు అన్న. తల్లి పోయిన దుఃఖంలో తెల్ల తువ్వాల తలమీద కప్పుకుని నిలబడ్డాడు పాపం. కోడలు బావ మెడ మీద పడి ఏడ్చిందంటే ఇక చెప్పేదేముంది! శవం వాకిట్లో ఉండగానే ఏడుస్తున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. శ్రీపాల్ అప్పటినుంచి మౌనిక ఎదురైతే రెండడుగులు పక్కకు జరిగి నిలబడేవాడు.

లేజర్ చేయించుకోవాలని మౌనిక అప్పుడే అనుకుంది.

నర్సమ్మకు ముందు నచ్చలేదు. "నేనున్న గదనే పేర్లు చెప్పెతందుకు" అంది.

"నువ్వు పోయిననాడు ఎవరు చెప్తరు అత్తా?" అంది మౌనిక.

ఇంకొకరైతే ఆ మాటకు అలిగేవారు. నర్సమ్మ ఆలోచనలో పడింది. "అవ్ గదా. నాకు బిడ్డలు లేకపాయె. నువ్వే సక్కగ ఏడువాలె. ఊర్ల అందరి చావులకు ఏడ్సినదాన్ని, నా చావు మూగగ పోవద్దు. చేయించుకో మరి" అంది. అని, నవ్వింది.

ఎల్బీనగర్ అవతల ఒక కంటి దవాఖానలో ఆపరేషన్ అయింది. మనిషి భయపడినంత సేపు కూడా పట్టలేదు. పంపించేటప్పుడు అక్కడి అమ్మాయి జాగ్రత్తలు అప్పజెప్పింది. కళ్లు రుద్దొద్దు. నీళ్లు పడొద్దు. చెప్పేదాకా తలస్నానం చేయొద్దు. పొగకు, దుమ్ముకు పోవద్దు. నల్లద్దాలు తీయొద్దు. వేళకు చుక్కలు వేసుకోవాలి. రుద్దితే కంటి పైపొర జరుగుతుందని, మళ్లీ మొదటికొస్తుందని మరీ మరీ చెప్పింది.

మర్నాడు పొద్దున మౌనిక మంచం మీదినుంచే ఎదురింటి మేడ మీద నీళ్ల ట్యాంకు పేరు చదివింది. తిరుమల్ చెవి మీద వెంట్రుకలు నెరిశాయని కనిపెట్టింది. నర్సమ్మకు ఫోన్ చేసి, "అన్నీ కనిపిస్తున్నయ్ అత్తా" అంది. "మంచిగైంది. కండ్లు నిమ్మలమైనంక రా, సూస్త" అంది నర్సమ్మ.

ఆ వారం తిరగకముందే కాశయ్య ఫోన్ చేశాడు. "నర్సమ్మ పోయింది బిడ్డా. పండుకున్నది పండుకున్నట్టే పోయింది."

మౌనిక రెండు పిడికిళ్లూ కళ్ల మీదికి లేచాయి. ఏడుపొస్తే పిడికిళ్లతో కళ్లు నులుముకోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. తిరుమల్ ఒక్క దూకు దూకి చేతులు పట్టుకున్నాడు.

"రుద్దకు! దవాఖానకు ఫోన్ చేసి అడుగుదామా?"

"ఏమని? ఏడువొచ్చా అని అడుగుతవా? ఏమనుకుంటరు?"

తిరుమల్‌కు కూడా అది అడిగే మాటలా అనిపించలేదు. కళ్లలో దుమ్ము పడితే ఏం చేయాలి, టీవీ ఎప్పుడు చూడాలి అని అడగొచ్చు. ఏడవొచ్చా అని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు! ఇద్దరూ అడగలేదు. ఆటోలో కూర్చుని, ఏడవకుండా ఉంటే ఏ గొడవా లేదని మౌనిక తనకు తాను చెప్పుకుంది.

సందు మొదట్లో దిగేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. ఎవరు ఎవరో ఆమెకు దూరంనుంచే తెలిసిపోయింది. ఎవరి చెంపలు తడిశాయో, ఎవరు ఏడుస్తూ కొత్తగా వచ్చినవాళ్ల చీరలు చూస్తున్నారో అన్నీ కనబడ్డాయి. మంచం మీద నర్సమ్మ కనబడింది. కింది పెదవి పక్కన చిన్న పుట్టుమచ్చ. ఆ చేతుల్లో పెరిగిన పిల్ల అప్పటిదాకా దాన్ని పట్టి చూడనేలేదు.

లోపలినుంచి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మౌనిక చేతులు వెనక్కి కట్టుకుని, దుకాణంలో బీరువాలోని బట్టల వరుస మొదటినుంచి మనసులో చెప్పుకోవడం మొదలుపెట్టింది. రాణి రంగు, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, గంధం, మెంతి... మెంతి దగ్గరికొచ్చేసరికి పొంగినది అణిగింది.

పక్కింటి సంతోషమ్మ, నర్సమ్మతో కలిసి ఊరంతా ఏడ్చి వచ్చిన మనిషి, దగ్గరికొచ్చి చూసింది.

"నల్లద్దాలేంది బిడ్డా, సినిమాకొచ్చినవా?"

"ఆపరేషన్ అయింది పెద్దమ్మా. కండ్లు రుద్దొద్దన్నరు."

"రుద్దకు. ఏడువు. ఏడువొద్దన్నరా?"

అన్నారో లేదో మౌనికకే తెలియదు. సంతోషమ్మ ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి రాగం ఎత్తుకుంది. మౌనిక కట్టెలా నిలబడింది. రాగం సగంలో ఆపి, చెయ్యి తీసేసి, సంతోషమ్మ ఇంకొకరి మెడ వెతుక్కుంది.

మందు వేళయిందని తిరుమల్ సైగ చేశాడు. ఇద్దరూ కొట్టం వెనక్కి పోయారు. అతను చుక్కలు వేశాడు. తిరిగి వచ్చేసరికి మందు చెంపల మీదికి కారింది. సంతోషమ్మ అది చూసింది. చూసి కరిగిపోయింది.

"వచ్చిందా బిడ్డా! రావాలె, ఎందుకు రాదు! పెంచిన చెయ్యి గదా!" అని కావలించుకుని, తన కొంగుతో మౌనిక చెంప తుడవబోయింది.

"అయ్యో, ముట్టకు పెద్దమ్మా! ఇప్పుడే మందేసిన, మొత్తం పోతది!" అని తిరుమల్ చుక్కల సీసా పట్టుకుని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

డప్పు కొట్టేవాడు కూడా కొట్టడం ఆపాడు. సంతోషమ్మ కొంగు వైపు చూసుకుంది, సీసా వైపు చూసింది. "సీసాలకెళ్లి వచ్చిందా?" అంది. ఆ తర్వాత ఎవరూ మౌనిక దగ్గరికి రాలేదు. నర్సమ్మను ఎత్తేటప్పుడు ఊరంతా ఘొల్లుమంది. మౌనిక బీరువా రెండో వరుస చెప్పుకుంటూ నిలబడింది.

సాగనంపి వచ్చాక అందరూ బోరు దగ్గర తలమీదినుంచి నీళ్లు పోసుకున్నారు. మౌనిక మెడ కిందికి పోసుకుంది. నర్సమ్మ పేర వెలిగించిన దీపం చూడడానికి లోపలికి పోబోతుంటే సంతోషమ్మ గడపలో నిలబడి ఉంది. ఆమె గొంతులో కోపం లేదు.

"తల తడవకుంట దీపం కాడికి రావద్దు బిడ్డా. నీకు తెల్వనిదా?"

మౌనిక బయటే, చెప్పుల దగ్గర నిలబడింది. గడపలోనుంచి దీపం చక్కగా, అంచులు కూడా చెదరకుండా కనబడింది.

కొన్నాళ్లకు పరీక్షకు పోతే, డాక్టర్ నందిని కళ్లు చూసి, చూపు బ్రహ్మాండంగా వచ్చిందని, కాకపోతే బాగా పొడిబారాయని చెప్పింది. కొంతకాలం అట్లా ఉంటుందట. లేచి వచ్చేముందు మౌనిక తలుపు పట్టుకుని ఆగింది.

"మేడం, ఏడిస్తే ఏమన్నా అయితదా?"

"ఏడిస్తే ఏమవుతుందమ్మా? అవి మీ కంటి నీళ్లే కదా. చేత్తో రుద్దకపోతే చాలు. ఎందుకు, ఏమైనా ఇబ్బందా?"

"ఏం లేదు మేడం."

తిరుగు ప్రయాణంలో మన్నెగూడ దాటాక తిరుమల్, "అడిగుంటే అయిపోతుండె" అన్నాడు అంతే. మౌనిక కిటికీలోంచి దుకాణాల బోర్డులు వరసగా చదువుతూ కూర్చుంది.

దినాలనాడు ఆమె పొద్దున్నే రావిర్యాల పోయింది. ఈసారి ఏడవాలనే పోయింది. వాకిట్లో షామియానా వేశారు. గాడిపొయ్యి మీద గుండిగలు ఉడుకుతున్నాయి. ఆడవాళ్లు నర్సమ్మ ఫోటో ముందు కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఉల్లిగడ్డలు కోయడానికి లేస్తున్నారు. మౌనిక వెళ్లి ఫోటో ముందు కూర్చుంది. ఏడుపు రాలేదు. వచ్చిన రోజున తోసి తోసి లోపలికి పంపినది ఎటు పోయిందో, ఎంత పిలిచినా పలకలేదు. కంటికి నీళ్లు లేవు, గొంతన్నా ఉంది కదా అని రాగం ఎత్తుకుంది.

"ఓ అత్తా... కారం మెతుకులు కలిపి పెడ్తివి అత్తా... బడి కాడ ఎండల కూసుంటివి అత్తా... పేలు సూసి జడలేస్తివి..."

గొంతు బాగానే పలికింది. ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు, ముందు మొహం వైపు, తర్వాత కళ్ల వైపు. కళ్లు పొడిగా, మెరుస్తూ ఉన్నాయి. ఒకామె ఇంకొకామె చెవిలో ఏదో అంది.

ఆ ఊళ్లో ఏడ్చేవాళ్లు తమంతట తాము ఆపరు. ఎవరో ఒకరు వచ్చి భుజం పట్టి, "ఊకో బిడ్డా, ఊకో, ఏడిస్తే వస్తదా" అనాలి. అప్పుడు కొంచెం గింజుకుని ఆపాలి. ఎవరూ ఊకోమనకముందే ఆపితే, ఇంతేనా ఏడుపు అని అంటారు. మౌనిక అందుకని ఆపలేదు. చెప్పిన మేళ్లే మళ్లీ చెప్పింది. కారం మెతుకులు మళ్లీ వచ్చాయి, బడి మళ్లీ వచ్చింది. సంతోషమ్మ కత్తిపీట ముందు కూర్చుని వింటూనే ఉంది. లేవడానికి ఒకసారి నేల మీద చెయ్యి కూడా ఆనించింది. మళ్లీ ఏమనుకుందో, చెయ్యి తీసి ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది.

కాశయ్య వడ్డన మొదలుపెట్టించాడు. విస్తర్ల చప్పుడులో మౌనిక గొంతు బొంగురుపోయింది. ఒకచోట మాట తెగింది. ఆమె అటూ ఇటూ చూసింది. షామియానా చివరిదాకా ప్రతి మొహం స్పష్టంగా కనబడింది. ఎవరూ ఇటు రావడం లేదు.

ఊకోమనేవాళ్లు లేక, తనే ఊకుంది. కొంగు దులుపుకుని లేచి, వడ్డించడానికి నీళ్ల జగ్గు అందుకుంది.