నాన్న కోసం లేచారనుకున్నాను

కట్లెట్లు వేగే వాసన వస్తే నాకు రాజమండ్రిలోని ఫ్రీమేసన్లనే సోదర సంఘం వారి లాడ్జి గుర్తొస్తుంది. నాన్న అక్కడ వంటవాడు. సభ్యులు నెలకోసారి కలిసి భోంచేస్తూ ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకునేవారు. వాళ్లలో ఒకరైన డాక్టరుగారైతే నాన్నని కూడా, "బ్రదర్, ఇంకో కట్లెట్టు" అని అడిగేవారు.

నాన్న పోయిన నెలకి మళ్లీ విందు జరిగింది. అమ్మ లాడ్జి పెరట్లో ప్లేట్లు కడుగుతోంది. నేను ఆమె పక్కనే నిలబడి కిటికీలోంచి లోపలికి చూస్తున్నాను. "మన మధ్య లేని బ్రదర్స్ కోసం" అన్నారొకాయన. అందరూ గ్లాసులు పట్టుకుని లేచారు.

"అమ్మా, నాన్న కోసం లేచి నిలబడ్డారు."

"డాక్టరుగారు కూడానా?"

"ఆయన కూడా."

"సరే, ఇటు జరుగు, తడుస్తావు."

ప్రతి విందులోనూ వాళ్లు అలాగే లేస్తారని, అది సభ్యుల కోసమేనని పెద్దయ్యాక తెలిసింది. పదేళ్లుగా అక్కడ ప్లేట్లు కడుగుతున్న అమ్మకి అప్పటికే తెలుసు. అయినా డాక్టరుగారి గురించి అడిగింది.