పొడుగు పిడి

పొట్టి వదిన అన్న పేరు పెళ్ళయిన కొత్తలో మరుదులు పెట్టింది. ఇప్పుడు వరసతో పని లేకుండా, మామగారి ఈడు వాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఆవిడ పలుకుతుంది. కాదనడానికైనా ఓపిక ఉండాలి కదా.

ఊళ్ళోకి సేంద్రియ సాగు ప్రాజెక్టు వచ్చినప్పుడు, ఇకమీదట కలుపు మందు కొట్టబోమని మగవాళ్ళంతా చేతులెత్తి ఒప్పుకున్నారు. నేల బాగుపడుతుందన్నారు, నిజంగానే పడింది. మట్టిలో మళ్ళీ వానపాములు కనిపించాయి. మందు మానేశాక ఆ కలుపు పీకేదెవరని మాత్రం మీటింగులో ఎవరూ అడగలేదు. పొట్టి వదినా అడగలేదు, తెలిసిన సంగతే కనుక. మొక్కజొన్న సాళ్ళ మధ్య గొంతుకూర్చుని జరుగుతూ పోయేది. సాయంత్రానికి నిటారుగా నిలబడటం మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాల్సి వచ్చేది.

మరుసటి ఏడు ప్రాజెక్టు మేడమ్‌కి ఈ బాధ తెలిసింది. మంచి పిల్ల. ఆడవాళ్ళ శ్రమ తగ్గించాలని పైవాళ్ళతో పోట్లాడి, చక్రమూ బ్లేడూ ఉన్న తోపుడు కలుపు మిషన్లు తెప్పించింది. ఆడవాళ్ళవని గుర్తుగా గులాబి రంగు వేయించింది. పిడి మాత్రం ఎవరో ఆరడుగుల ఆసామిని మనసులో పెట్టుకుని చేసినట్టుంది. పొట్టి వదిన పట్టుకుంటే చేతులు దండెం మీద ఆరేసినట్టు వేలాడాయి.

"ఇటివ్వు, మిషనంటే తెలియాలి," అన్నాడు మొగుడు.

ఒక సాలు తోశాడు. ఇంకోటి తోశాడు. చక్రం కిర్రుమంటే నూనె పోశాడు. పెళ్ళయినప్పటి నుంచి కలుపు వైపు కన్నెత్తి చూడని మనిషి, ఆ రోజు నుంచి పొలమంతా శుభ్రం చేసి పెడుతున్నాడు. అది కలుపు తీయడమని ఆయన అనుకోలేదు, మిషను నడపడమనుకున్నాడు. పొట్టి వదిన మధ్యాహ్నాలు మోటారు గది గోడకు వీపు ఆనించి కాసేపు కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది.

అలా మూసుకున్న కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ప్రాజెక్టు మేడమ్, పక్కన వెల్డింగ్ మేస్త్రీ. అవతల సాలులో మొగుడు మిషనుతో ఆగిపోయి ఉన్నాడు.

"తప్పు మాదే అక్కా. ఆడవాళ్ళకిచ్చిన మిషన్లు మగవాళ్ళు లాక్కుంటున్నారు. పిడి కోయించేస్తా, ఇక మీ మిషను మీ చేతికే!"

పొట్టి వదిన గబుక్కున లేచి నిలబడింది. మిషను చేతికొస్తే కలుపూ వస్తుంది. పోనీ, ఆయన తోస్తేనే నాకు హాయిగా ఉందని చెప్పేద్దామా అంటే, పక్క చేలో తోడికోడలు చెవులు రిక్కించి ఉంది.

"కోయించండి మేడమ్!" అని అక్కణ్ణుంచే కేకేసింది తోడికోడలు. "బావగారు ఆడవాళ్ళ పని చేస్తుంటే చూడలేక చస్తున్నాం!"

మొగుడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకొక్క మాట పడితే మిషను గట్టున పడేసి వెళ్ళిపోతాడు, మళ్ళీ ముట్టుకోడు.

"ఎవరన్నారు? తోసేది నేనే," అంది పొట్టి వదిన. "ఆయన నూనె పోసి, సరిగ్గా నడుస్తోందో లేదో చూస్తారంతే. పిడి కోయొద్దు. నాకు బాగానే ఉంది."

"అంత పొడుగుదా?"

"కావాలంటే చూడండి."

అన్నాక చూపించక తప్పలేదు. చేతులు పైకెత్తి, పిడి గడ్డానికి తగులుతుంటే, మునివేళ్ళ మీద నడుస్తూ సాలంతా తోసింది. సగంలో జాకెట్టు చంక దగ్గర పర్రుమంది. మేస్త్రీ మర్యాదగా ఆకాశం వైపు చూశాడు. తోడికోడలికి అంత మర్యాద లేదు.

మేడమ్ మొహం వెలిగిపోయింది. "కోయించను అక్కా! ఇంత బాగా తోస్తున్నారు, మిగతా ఊళ్ళ ఆడవాళ్ళకి మీరే నేర్పాలి. వారం వారం జీపు పంపిస్తాం."

పొట్టి వదిన మొగుడి వైపు చూసింది, వద్దంటాడేమోనని ఆశగా. ఆయన అప్పటికే వచ్చి మిషను అందుకున్నాడు.

"తప్పకుండా వస్తుందండీ," అన్నాడు హుందాగా. "ఇక్కడ మిషను సంగతి నేను చూసుకుంటాగా."

కలుపు తప్పింది. పొట్టి వదిన చిరిగిన చంకను కొంగుతో కప్పుకుంది.

"మేడమ్," అంది నెమ్మదిగా, "ఆ జీపులో కూర్చోవడానికి చోటుంటుందా?"