వినే బొట్టు

తార్నాక చౌరస్తా దగ్గరున్న ఫ్యాన్సీ షాపులో స్టిక్కర్ బొట్లు అందరికంటే ఎక్కువ కొనే మనిషి తన నుదుట ఏనాడూ బొట్టు పెట్టుకోలేదు. వాసంతి క్రైస్తవురాలు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, సోమవారం పొద్దున్నే ఎర్రవీ పచ్చవీ గుండ్రటి బొట్ల ప్యాకెట్లు సంచీలో వేసుకుంటుంటే షాపతను ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇవన్నీ ఎవరికి మేడమ్?"

"మా పిల్లలకు."

"ఎంతమంది మేడమ్ పిల్లలు?"

"ఇరవై ఇద్దరు."

ఆ రోజు నేను పక్కనే ఉన్నాను కాబట్టి అతను నోరు తెరిచిన తీరు కళ్ళారా చూశాను. యూనివర్సిటీ గేటు దాకా ఇద్దరం నవ్వుకుంటూనే నడిచాం.

నా పేరు సుధామయి. క్యాంపస్‌లో పనిచేసేవాళ్ళ పిల్లల కోసం లోపలే ఒక చిన్న బడి ఉంది. అందులో యూకేజీ నాది, నర్సరీ వాసంతిది. మధ్యలో పల్చటి గోడ. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఈ రెండూ పసిపిల్లల బడికి పనికిరావని వాసంతి ఎప్పుడూ అనలేదు గానీ, గోడ అవతలి నిశ్శబ్దం నాకు రోజూ ఆ సంగతే చెప్పేది.

ఆమె పెరిగింది మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో. తండ్రి దానయ్య పట్టాల మీద గ్యాంగ్‌మన్. రెండో తరగతిలో లెక్క అర్థంకాక "మళ్ళ చెప్పుండ్రి టీచర్" అన్నందుకు, చెవులు ఎక్కడ పెట్టుకున్నావంటూ స్కేలు నిలువుగా తిప్పి వేళ్ళ కణుపుల మీద కొట్టారట. ఆ తర్వాత బడి వదిలేదాకా ఆమె ఏ టీచర్నీ ఏదీ అడగలేదు. "నా పిల్లల మీద చెయ్యి ఎత్త, సుధక్కా. నేనే కాదు, వాళ్ళ మీద ఇంకెవ్వరు కూడ ఎత్తే పని పడొద్దు" అనేది. మెత్తటి మనిషే గానీ ఆ ఒక్క విషయంలో మహా మొండిది.

ఒక వేసవిలో మాకు శిక్షణ ఇచ్చారు. వినని పిల్లల్ని తిట్టకండి, విన్న పిల్లల్ని అప్పటికప్పుడు పేరుపెట్టి మెచ్చుకోండి, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దారికొస్తారు అన్నారు. మేమంతా విని, పెట్టిన సమోసాలు తిని, ఇళ్ళకు పోయాం. వాసంతి మాత్రం దాన్ని బైబిలు వాక్యంలా పట్టుకుంది. ఉత్త శభాష్ సరిపోదనేది, ఎందుకు శభాషో పిల్లకు తెలియాలనేది. "ప్రేమ్, నా కథ అయిందాక ఆగి అడిగినవ్. శభాష్!" అని చేతి వెనక ఒక బొట్టు అతికించేది. పిల్లలు దానికి వినే బొట్టు అని పేరు పెట్టుకున్నారు. అది ఊడిపోతుందని, ఇంటికెళ్ళేదాకా ఆ చేతికి నీళ్ళు తగలనిచ్చేవాళ్ళు కాదు.

"లంచాలిచ్చి మాట వినేట్టు చేస్తున్నావే!" అనేదాన్ని.

"లంచం పని కాకముందు ఇస్తరక్కా. నేను పని అయినంక ఇస్తున్న. గిది జీతం" అనేది నవ్వుతూ.

ఆమె క్లాసు ముందు నా క్లాసు చేపల బజారు. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

అయితే నోరు తిరగని పసివాళ్ళలో ఎవరు వింటున్నారో ఎలా తెలుస్తుంది? వాసంతి గుర్తులు వాసంతికి ఉండేవి. చూపు టీచర్ ముఖం మీద ఉండాలి, చేతులు ఒళ్ళో ఉండాలి, నోరు మూసుకోవాలి. అలా కూర్చున్న పిల్ల వింటున్నట్టే లెక్క. మనమంతా అలాగే అనుకుంటాం కదా.

ఆ లెక్క ప్రకారం స్నిగ్ధను మించిన పిల్ల లేదు. హాస్టల్ మెస్సులో వంటచేసే నవత కూతురు. తండ్రి శివకుమార్ ఆటో నడిపేవాడు, ఇల్లు అడిక్‌మెట్‌లో. పెద్ద కళ్ళు, రెండు పిలకలు. కూర్చుంటే కదిలేది కాదు. వాసంతి ఏ మూలకు నడిస్తే ఆ మూలకే దాని కళ్ళు తిరిగేవి. "లేచి నిలబడండి" అంటే పక్కపిల్ల లేవగానే లేచేది. మాటలు తక్కువ, అవీ ముద్దగా వచ్చేవి. కొందరికి మాటలు ఆలస్యమేనని, పైగా దీనికి సిగ్గెక్కువని అనుకున్నాం. రోజూ రెండు చేతుల నిండా బొట్లతో ఇంటికెళ్ళేది.

ఒక మధ్యాహ్నం నవత పని ముగించుకుని పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చి వరండాలో ఆగింది.

"టీచర్, ఒక్క మాట. ఇంట్ల ఎన్నిసార్లు పిలిచినా పలకది. మొకం గూడ తిప్పది. గీడ మీ మాట వింటదా?"

వాసంతి ముఖం వెలిగిపోయింది. "ఏందట్లంటవ్ నవతా! మా క్లాసుల అందరికంటె మంచిగ వినేది నీ బిడ్డనే. ఆ చేతులు చూడు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నవత కూతురి చేతులకేసి చూసింది. "అయితే ఇంట్లనే మొండితనమన్నట్టు" అంటూ పిల్లను చంకనేసుకుని వెళ్ళింది. ఆమె నడకలో బరువు దిగిన తేలిక కనిపించింది.

కొన్ని నెలల తర్వాత ఒక రోజు, అకాల వాన వెలిసినా ఆటస్థలం బురదగా ఉందని వాసంతి లోపలే ఆట పెట్టింది. అందరూ కళ్ళు మూసుకోవాలి. తను వెనక నిలబడి మెల్లగా పేరు పిలుస్తుంది. పిలిచినవాళ్ళు కళ్ళు తెరిచి వచ్చి బొట్టు తీసుకోవాలి. నేను సుద్దముక్కల కోసం వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయాను, ఆట అంత ముద్దుగా ఉంది. ఒక్కొక్కరే లేచారు. అందరూ అయ్యాక చాపమీద స్నిగ్ధ మిగిలింది. పక్కవాళ్ళను చూసి తనూ కళ్ళు మూసుకున్న పిల్ల, వాటిని ఇంకా గట్టిగా బిగించుకునే ఉంది. పెదవుల మీద చిన్న నవ్వు.

"స్నిగ్ధా" అని పిలిచింది వాసంతి. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. కదల్లేదు. పిల్లలంతా నవ్వుతూ ఒక్కసారిగా "స్నిగ్ధా!" అని అరిచారు. ఆ పిల్ల అలాగే, బుద్ధిగా, బొట్టు కోసం చెయ్యి చాపి కూర్చుని ఉంది.

వాసంతి నావైపు చూసింది. ఆ ముఖం నేను మళ్ళీ చూడాలనుకోను.

మర్నాడు వాసంతే ఆ తల్లీకూతుళ్ళను సర్కారు దవాఖానకు తీసుకెళ్ళింది, తోడుగా నేనూ వెళ్ళాను. తలుపు పడితే, గిన్నె పడితే తెలుస్తుంది గానీ మనిషి మాట దాని చెవికి అందడం లేదన్నాడు డాక్టరు. చెవులకు మిషన్లు పెడితే చాలావరకు వినబడుతుందట. "నర్సరీలో చేరినప్పుడే తెచ్చి ఉంటే ఈపాటికి మాటలు వచ్చేవమ్మా. టీచర్లెవరూ గమనించలేదా?" అని అడిగాడు. వాసంతి తల దించుకుంది.

ఆమె మీద నవత అరుస్తుందని నేను జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. నవత అరవలేదు. దవాఖాన మెట్లమీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని చెప్పింది.

"కొట్టిన టీచర్. మీరు చెప్పిన్నాటి నుంచి రోజు కొట్టిన. బడిల మంచిగ వింటవంట, ఇంట్ల నా మాటంటె లెక్కలేదా అని చెంపల మీద కొట్టిన. ఎందుకు కొడుతున్ననో దానికి తెల్వనే తెల్వదు."

వాసంతి ఆమె పక్కన కూర్చుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో నా చెవి దగ్గర అంది, "నా మాట మీదనే కొట్టింది గద సుధక్కా."

ఆమెది తప్పని అనలేను, కాదనీ అనలేను. ప్రేమతో చేసిన పని కూడా ఒక పసిదాని చెంప మీద దెబ్బై పడుతుందంటే ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వాసంతి ఇప్పటికీ అదే గదిలో పాఠాలు చెబుతోంది. జూన్‌లో కొత్త పిల్లలు చేరగానే ఒక్కొక్కరి వెనక నిలబడి మెల్లగా పేరు పిలుస్తుంది, ఏ పిల్ల తల తిప్పకపోయినా ఆ రోజే తల్లికి చెబుతుంది. మెచ్చుకోవడం మానలేదు గానీ, ఇదివరకటిలా ఎగిరి గంతేసి చెప్పదు. "శభాష్" అనే ముందు ఒక్క క్షణం ఆగుతుంది.

ఆ ఏడాది స్నిగ్ధకు చెవి మిషన్లు పెట్టించిన మర్నాడు నవత పిల్లను బడికి తీసుకొచ్చింది. పిలకల కింద గులాబీరంగు మిషన్లు. స్నిగ్ధ నేరుగా ఇసుక దగ్గరకెళ్ళి మాకు వీపు పెట్టి కూర్చుంది.

"మీరే పిలువుండ్రి టీచర్" అంది నవత.

"నువ్వు తల్లివి. నీ పిలుపే ముందు దాని చెవుల పడాలె" అంది వాసంతి.

నవత గొంతు సవరించుకుంది. కోపం లేకుండా పిలవడం ఎట్లాగో అప్పుడే నేర్చుకుంటున్నట్టు, "స్నిగ్ధా" అంది.

ఇసుకలో చేతులు ఆగాయి. పిల్ల తిరిగి చూసింది.

"చూసింది టీచర్! పిలిస్తె చూసింది!" నవత ఏడుస్తూ, నవ్వుతూ పరిగెత్తింది. తన వైపే వస్తున్న తల్లిని చూసి స్నిగ్ధ రెండు చేతులూ ఎత్తి చెంపలు కప్పుకుంది.

నవత సగం దారిలో ఆగిపోయింది. అక్కడే ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడింది.

"కొట్ట బిడ్డా, ఇంకెన్నడు కొట్ట" అంది.

స్నిగ్ధకు ఆ మాట వినబడింది. అర్థమే తెలియదు. చేతులు దించలేదు.